హేవ్‌లాక్‌లో స్కూబా: మమ్మల్ని మోసం చేశారా, లేక ఒడ్డు దగ్గర పగడాల దిబ్బ అంటే ఇంతేనా?

ఆమదాలవలస_ఆనంద్
జనవరిలో నేనూ, మా ఆవిడా, మా బావమరిదీ అండమాన్ వెళ్లొచ్చాం. స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హేవ్‌లాక్‌లో, స్కూబా డైవింగ్ చేశాం. మనిషికి 4,500. ఒడ్డు పక్కనే పగడాల దిబ్బ, రంగురంగుల చేపలు అంటూ ఫోన్‌లో వీడియోలు చూపించి డబ్బులు కట్టించుకున్నారు. తీరా దిగి చూస్తే ఆ రంగులేవీ లేవు. అంతా గోధుమ రంగు, బూడిద రంగు, కొన్నిచోట్ల సున్నం కొట్టినట్టు తెలుపు. చేపలు మాత్రం ఉన్నాయి, కాదనను. లోతు అయిదారు మీటర్లకు మించలేదు, మమ్మల్ని తిప్పిన ఇన్‌స్ట్రక్టర్ చేతికున్న లోతు చూపించే వాచీలో నేనే చూశాను. ఇంకా కిందకి తీసుకెళ్లమని సైగ చేస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించి ఊరుకున్నాడు. ఆఖర్న ఫోటో కోసం ఒక పెద్ద గుండ్రటి రాయిని పట్టుకుని ఉండమన్నాడు. అది రాయి కాదు, బతికున్న పగడమేనని పైకి వచ్చాక పక్క బ్యాచ్ వాళ్లు చెప్పారు. పట్టుమని అరగంట కూడా కాలేదు, అయిపోయిందన్నారు.

మోసపోయామా, లేక అందరికీ ఇంతేనా? తెలిసినవాళ్లు చెప్పండి. మా ఆవిడకి ఎడం చెవి ఇంకా గుయ్‌మంటూనే ఉంది, అది వేరే గొడవ.

సోంపేట_సూరిబాబు
4,500 పెడితే మా బారువలో ఇంటిల్లిపాదీ నెలంతా కోనాం పులుసు తినొచ్చు. చేపని చూడ్డానికి అంత డబ్బు పోసినవాణ్ణి నిన్నే చూస్తున్నాను బావా.

రాజాం_రైలుబండి
నిక్షేపంగా మోసమే. మా ఆఫీసులో ఒకాయన 12 మీటర్లు దిగొచ్చాడు, అదే రేటుకి. మీకు సగం లోతు చూపించి పంపేశారు. ఇలాంటి చోట్ల ముందే లోతు ఎంత, ఎంతసేపు అని కాగితం మీద రాయించుకోవాలి.

పలాస_జీడిపలుకు
నాకో డౌటు. పగడం అంటే ఉంగరంలో పెట్టుకునేదేనా? అయితే ఎర్రగా ఉండాలి కదా, గోధుమ రంగు అంటున్నారేంటి?

సోంపేట_సూరిబాబు
అంటే ఆనంద్ బావ చెయ్యేసిన ఆ గుండ్రటి రాయి పట్టుకొచ్చుంటే మా వీధిలో అందరి కుజదోషం పోయేదన్నమాట. అనవసరంగా వదిలేశావు.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
జీడిపలుకు గారూ, ఉంగరం పగడం వేరే జాతి. అది ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది, దాని గట్టి కాండాన్ని కోసి సాన పెడతారు. దిబ్బలు కట్టే పగడాలు వేరు.

ఇక రైలుబండి గారూ, ఎంత లోతు దిగితే అంత గిట్టుబాటు అనే లెక్క ఇక్కడ పనిచెయ్యదు. నేను కొన్నేళ్లు అండమాన్ డైవింగ్ సెంటర్లలో పనిచేశాను. ఏ కోర్సూ చెయ్యనివాళ్లకి చేయించే పరిచయ డైవ్‌కి 12 మీటర్లు పైహద్దు. ఓపెన్ వాటర్ అనే మొదటి సర్టిఫికెట్ కోర్సు పాసైతే 18. హద్దు అంటే అక్కడిదాకా తీసుకెళ్లి తీరాలని కాదు. పగడం జంతువే గానీ, దాని ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండతో తయారుచేసే తిండి మీదే పగడం చాలావరకు బతుకుతుంది. ఎండ బాగా దిగేది పైనీళ్లలోనే కాబట్టి పగడాలు ఒత్తుగా పెరిగేదీ అక్కడే. అయిదారు మీటర్లలో తిప్పడం మోసమేం కాదు, చూడాల్సిన సరుకంతా అక్కడే ఉంది.

రంగు సంగతి. నీళ్లు ముందు ఎరుపుని మింగేస్తాయి. అయిదు మీటర్లు దిగేసరికే ఎరుపు వెలిసిపోతుంది, ఇంకా కిందకి పోతే నారింజ, ఆ తర్వాత పసుపు. వీడియోల్లో కనిపించే ఎరుపు టార్చి వెలుగులో తీసిందో, తర్వాత కంప్యూటర్లో దిద్దిందో అయ్యుంటుంది. గోధుమ రంగు చూసి నిరాశపడ్డారు గానీ, ఆరోగ్యంగా ఉన్న గట్టి పగడాల్లో చాలావాటి రంగు అదే. ఒంట్లో ఉన్న నాచు రంగు అది. చూసి కంగారుపడాల్సింది తెలుపుని.

ఫోటో కోసం పగడం పట్టించడం మాత్రం శుద్ధ తప్పు. దానికి సమర్థింపు లేదు.

ఆమదాలవలస_ఆనంద్
గోధుమ రంగే ఆరోగ్యమా! ఈ ముక్క దిగేముందు ఎవరైనా చెప్పుంటే ఇంకో కంటితో చూసేవాణ్ణి. మాకు దిగే ముందు చెప్పింది నోటితో గాలి పీల్చండి, ముక్కు నొక్కి ఊదండి, అంతే. మరి ఆ తెలుపు ఏంటి?

జంగ్లీఘాట్_అల్లుడు
మాది టెక్కలి దగ్గర, ఉండేది పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో. 2024 నుంచి ఊరి పేరు శ్రీ విజయ పురం, మేం ఇంకా బ్లెయిర్ అనే అంటున్నాం. ఇక్కడ తెలుగు వీధుల్లో చాలామంది మన శ్రీకాకుళం వైపు వాళ్లే, ఎప్పుడొచ్చినా భోజనానికి ఇబ్బంది లేదు.

ఆనంద్ గారూ, ఆ తెలుపు సముద్రం వేడెక్కడం వల్ల. మామూలుగా వేసవిలో నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో దానికంటే ఒక డిగ్రీ ఎక్కువై, అది వారాలకొద్దీ అలాగే ఉండిపోతే పగడం తట్టుకోలేక ఒంట్లో నాచుని బయటికి తోసేస్తుంది. అప్పుడు ఒళ్లు పారదర్శకంగా అయిపోయి లోపలి సున్నపు గూడు తెల్లగా బయటపడుతుంది. తెల్లబడిన వెంటనే చచ్చిపోయినట్టు కాదు. నీళ్లు చల్లబడితే నాచు మళ్లీ చేరి కోలుకోవచ్చు. ఆలస్యమైతే చచ్చిపోతుంది, తర్వాత దాని మీద పాచి పట్టి మురికి బూడిద రంగు వస్తుంది. మీరు చూసిన బూడిద రంగు అదే అయ్యుంటుంది. 1998లో, 2010లో, 2016లో ఇక్కడ బాగా దెబ్బ తగిలింది. 2024 ఏప్రిల్లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబడే నాలుగో విడత నడుస్తోందని అమెరికా సముద్ర శాస్త్ర సంస్థ ప్రకటించింది, ఆ వేసవిలోనే లక్షద్వీప్ పగడాలూ తెల్లబడ్డాయి. పైనీళ్లు ముందు వేడెక్కుతాయి కాబట్టి ఒడ్డు దగ్గర తక్కువ లోతు దిబ్బలకే మొదటి దెబ్బ.

రాజాం_రైలుబండి
సరే, లోతు విషయం ఒప్పుకుంటాను. కానీ సగం చచ్చిన దిబ్బ చూపించి, వీడియోలో ఎక్కడిదో బతికున్న దిబ్బ చూపించడం మోసం కాదా?

నీలిరెక్క_ఇచ్ఛాపురం
అది మోసమే. వీడియో ఎక్కడ తీశారో అడగాలి. చాలామంది పెట్టేవి బోటులో వెళ్లి దిగే దూరపు చోట్లవి, దిగేది మాత్రం ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్లే నీమో రీఫ్‌లో. రెండిటి రేట్లూ వేరు, చూపూ వేరు.

చీపురుపల్లి_మేష్టారు
తక్కువ లోతు అంటే ప్రమాదం లేదనే అర్థం రావచ్చు కాబట్టి ఒక మాట. పాఠాలు చెప్పి చెప్పి అలవాటైన నోరు, భరించండి. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ఒడ్డున ఒకటి, 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు, 30 దగ్గర నాలుగు. 30 నుంచి 20కి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి మూడోవంతు ఉబ్బుతుంది. 10 నుంచి పైకి వస్తే రెట్టింపు అవుతుంది. అంటే పైన ఉన్న 10 మీటర్లలోనే మార్పు అన్నిటికంటే ఎక్కువ. అక్కడ కంగారుపడి ఊపిరి బిగబట్టి పైకి లేచారా, ఊపిరితిత్తి చిరగొచ్చు. మీటరూ మీటరున్నర నీళ్లలో కూడా అలా జరిగిన సందర్భాలున్నాయి. అందుకే ఏం జరిగినా ఊపిరి ఆపొద్దని చెప్పేది. మీకు అది చెప్పారా ఆనంద్ గారూ?

ఆమదాలవలస_ఆనంద్
ఆ మాట హిందీలో చెప్పాడు మేష్టారూ, మా ఆవిడకి హిందీ రాదు. నేను తెలుగులో చెప్పేలోపే సిలిండర్ వీపుకి తగిలించేశారు.

మా బావమరిది కథ చెప్పలేదు కదా. లోపల ఒక గుంపు చిలక చేపలు ఎదురయ్యాయి, పెద్దవి, పచ్చా నీలం కలిసినవి. పగడాన్ని కొరుకుతుంటే పటపటమని చప్పుడు నీళ్లలో మాకు వినిపిస్తోంది. వాడికి ఆనందం పట్టలేక సూపర్ అని బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఇన్‌స్ట్రక్టర్ వాణ్ణి పట్టుకుని మెల్లగా పైకి తీసుకుపోవడం మొదలెట్టాడు. వాడు ఇంకా గట్టిగా బొటనవేలు ఊపాడు. తిన్నగా ఒడ్డుకే.

సోంపేట_సూరిబాబు
చచ్చాను నవ్వలేక. ఫేస్‌బుక్ లైకులు కొట్టీ కొట్టీ వచ్చిన అలవాటు.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
ఇది వారానికోసారి జరిగేది. నీళ్లలో బొటనవేలు పైకి అంటే నన్ను పైకి తీసుకెళ్లు అని. ఎవరు చూపించినా వాదన లేకుండా తీసుకెళ్లాలి. బాగుంది అని చెప్పాలంటే ఆనంద్ గారికి ఆయన చూపించిన సున్నాయే. కిందకి తీసుకెళ్లమంటే ఆయన అంతా బాగానే ఉందిగా అన్నాడన్నమాట.

ఆ చిలక చేపలు కొరికేది పగడపు రాయి మీద పాచి కోసం. రాయితో సహా నమిలి, అరిగినదాన్ని తెల్లటి ఇసుకగా వదిలేస్తాయి. అండమాన్ బీచ్‌లలో మీరు కాళ్లు పెట్టి ఫోటోలు దిగిన ఇసుకలో కొంత ఆ సరుకే.

సోంపేట_సూరిబాబు
ఈ విషయం మా ఆవిడకి చెప్పను. ఆ ఇసుక సీసాలో పోసి షోకేసులో పెట్టింది.

జంగ్లీఘాట్_అల్లుడు
సూరిబాబు గారూ, ఇసుక సంగతి ఎలా ఉన్నా పగడం ముక్కలు, శంఖాలు మాత్రం ఎవరూ తేవద్దు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన పగడం ముక్కైనా సరే, ఇక్కడ విమానాశ్రయం స్కానింగ్‌లో దొరికితే తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. దిబ్బలు కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. 3 నుంచి 7 ఏళ్ల జైలు రాసుంది అందులో.

రాజాం_రైలుబండి
చట్టం సరే. ఒక మనిషి ఒక్క క్షణం చెయ్యి పెట్టినంత మాత్రాన ఏమైపోతుందండీ? 2004 సునామీ వచ్చినప్పుడే పోనివి మన వేళ్లకి పోతాయా? మరీ చాదస్తం.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
సునామీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. సీజన్‌లో టూరిస్టు రోజూ వస్తాడు, అందరికీ ఫోటో ఆ ఒక్క పగడం దగ్గరే. పగడం ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, జబ్బుల నుంచి అదే కాపాడుతుంది. చేత్తో రుద్దితే అది పోతుంది, కింద ఉన్న జీవం చాలా పలచన, లోపలి గట్టి గూటికి నొక్కుకుని నలిగిపోతుంది. ఆనంద్ గారు పట్టుకున్నది గుండ్రంగా ఉందన్నారు కదా, ఆ రకం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనిషి చేతులు చాచినంత ఉందంటే దాని వయసు మీరే లెక్క వేసుకోండి. కొమ్మల రకం త్వరగా పెరుగుతుంది, ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా, కానీ కాళ్లకి తొడిగే ఫిన్ తగిలితే పుటుక్కున విరుగుతుంది.

చేతికంటే కాళ్లతోనే ఎక్కువ నష్టం. కొత్తవాళ్లు నీళ్లలో నిలువుగా నిలబడి సైకిల్ తొక్కుతారు, కింద ఏముందో చూసుకోరు. పద్ధతి ప్రకారం అయితే ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకుని మనిషిని అడ్డంగా పడుకున్నట్టు ఉంచాలి, ఆగాల్సి వస్తే ఇసుక మీద ఆపాలి. అలల ఊపు ఉన్న రోజు ఏదో ఒకటి పట్టుకోక తప్పదు అనేవాళ్లున్నారు. అలాంటి రోజు అసలు దింపకూడదు.

పలాస_జీడిపలుకు
నేను ఈ సీజన్లో వెళ్దామనుకుంటున్నాను. ఈత రాదు. ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది కదా, ఫరవాలేదా?

చీపురుపల్లి_మేష్టారు
అందులో ఆక్సిజన్ ఉండదమ్మా. మనం ఇప్పుడు పీలుస్తున్న గాలే, వడగట్టి, నొక్కి నింపుతారు. ఆక్సిజన్ అయిదో వంతే. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. 11 లీటర్ల సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి పడుతుంది. 10 మీటర్ల లోతులో గాలి రెట్టింపు చిక్కగా పీలుస్తాం కాబట్టి అది ఒడ్డున వచ్చిన దాంట్లో సగం సేపే వస్తుంది. టెన్షన్ పడి ఎగపీల్చేవాళ్లకి ఇంకా తొందరగా అయిపోతుంది. ఆనంద్ గారికి తొందరగా ముగియడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆమదాలవలస_ఆనంద్
నాకేం టెన్షన్ లేదు మేష్టారూ. కొంచెం ఎగపీల్చుంటాను అంతే.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
జీడిపలుకు గారూ, పరిచయ డైవ్‌కి ఈత రాకపోయినా తీసుకెళ్తారు, 10 ఏళ్లు నిండితే చాలు. కోర్సు చెయ్యాలంటే మాత్రం 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలుతూ ఉండాలి. నా సొంత అభిప్రాయం, ఈత రాకపోయినా మొహం నీళ్లలో పెట్టి కంగారుపడకుండా ఉండగలగాలి. వెళ్లేముందు ఎక్కడైనా మెడలోతు నీళ్లలో రోజూ కాసేపు ఆ అలవాటు చేసుకోండి. ఒక మనిషికి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడో లేదో అడగండి. మీకొచ్చిన భాషలో చెప్పేవాణ్ణే కావాలనండి, తెలుగు కుర్రాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ముందు నడుంలోతు నీళ్లలో మాస్కులో నీళ్లు వస్తే తీసెయ్యడం, నోట్లోది జారితే మళ్లీ పెట్టుకోవడం చేయించి, అవి వచ్చాకే లోపలికి తీసుకెళ్లాలి. అవేమీ లేకుండా హడావిడిగా దింపేస్తుంటే డబ్బులు పోయినా వెనక్కి వచ్చెయ్యండి.

విజయనగరం_చెవిముక్కుగొంతు
ఆనంద్ గారూ, అందరూ రంగుల గురించి మాట్లాడుతున్నారు గానీ మీ ఆవిడ చెవి సంగతి ఏమైంది? ఇన్నాళ్లైనా మోత తగ్గలేదంటే ఇంట్లో నూనె చుక్కలు వేసుకుని కూర్చోకండి. దిగేటప్పుడు మధ్యచెవిలో ఒత్తిడి సరిచెయ్యకపోతే కర్ణభేరి లోపలికి లాగబడుతుంది, నెత్తురు చేరవచ్చు, చిరగవచ్చు కూడా. చాలావరకు మందులతో, టైముతో తగ్గేవే. కానీ మోతతో పాటు వినికిడి తగ్గినా, తల తిరుగుతున్నా లోపలిచెవికి దెబ్బ తగిలిందేమో చూడాలి, అది ఆలస్యం చెయ్యకూడనిది. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించండి. ముక్కు మూసి గట్టిగా ఊదడం ఆపమనండి.

ఆమదాలవలస_ఆనంద్
డాక్టర్ గారూ, తల తిరగడం లేదు. ఆ రోజు ఆవిడకి కాస్త జలుబు ఉంది. జలుబు ఉంటే దిగొద్దని ఎవరూ అనలేదు. ఆరోగ్యం గురించి ప్రశ్నలున్న ఫారం ఒకటి ఇచ్చి సంతకం పెట్టమన్నారు, అన్నిటికీ నో అని వాళ్లే టిక్కులు కొట్టేశారు.

విజయనగరం_చెవిముక్కుగొంతు
అదే అసలు మోసం. పగడం రంగు కాదు.

జలుబు ఉంటే చెవికీ ముక్కుకీ మధ్య గొట్టం మూసుకుపోతుంది, ఎంత ఊదినా గాలి పోదు. మాత్ర వేసుకుని దిగేవాళ్లుంటారు, లోపల ఉండగా మందు పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు ఇంకో నరకం. నొప్పి వచ్చాక ఊదడం కాదు, తల నీళ్లలో మునిగిన దగ్గర్నుంచి అర మీటరుకోసారి నెమ్మదిగా ఊదుతూ దిగాలి. నొప్పి అనిపిస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. రేపే తీసుకురండి మీ ఆవిణ్ణి, నాకు కాకపోతే మీ ఊళ్లో ఎవరికైనా చూపించండి.

రాజాం_రైలుబండి
ఇంకో అనుమానం. డైవ్ చేశాక విమానం ఎక్కకూడదంటారు కదా, వీళ్లు మర్నాడే ఎక్కినట్టున్నారు?

ఆమదాలవలస_ఆనంద్
ఉదయం 10కి డైవ్, సాయంత్రం ఫెర్రీ, మర్నాడు 9 గంటలకి ఫ్లైట్.

చీపురుపల్లి_మేష్టారు
23 గంటలు. ఒక్క డైవ్‌కి కనీసం 12, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగమంటారు. ఇబ్బంది లేదు.

కళింగపట్నం_మరబోటు
చదువుతూ వస్తున్నాను. మీరంతా అండమాన్, లక్షద్వీప్ అంటున్నారు, మన దగ్గర సముద్రం లేదా? ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా మనకున్నంత తీరం ఏ జిల్లాకుంది? సముద్రం అడుగున బండలున్నాయి, వల వేస్తే చిక్కుకుని చిరిగే చోట్లు మా నాన్న కాలం నుంచి గుర్తుపెట్టుకున్నవే. ఆ బండల దగ్గరే చేప. మరి అక్కడ ఈ పగడాల దిబ్బ ఎందుకు లేదంటారు?

నీలిరెక్క_ఇచ్ఛాపురం
పెద్దాయనా, బండలున్నాయి. వాటి మీద అక్కడక్కడ పగడాలూ ఉన్నాయి, విశాఖ తీరం బండల మీద డైవర్లు చూస్తూనే ఉన్నారు. కానీ దిబ్బగా కట్టాలంటే ఏళ్ల తరబడి తేటనీళ్లు, ఉప్పు తగ్గని నీళ్లు కావాలి. మన వంశధార, నాగావళి, పైన మహానది, కింద గోదావరి వర్షాకాలంలో ఎంత బురద, ఎంత మంచినీళ్లు తెచ్చి కలుపుతాయో మీకు నేను చెప్పాలా? బురదకి ఎండ దిగదు, పగడం మీద మన్ను పేరుకుంటుంది. అందుకే దేశంలో పెద్ద దిబ్బలన్నీ పెద్ద నదులు కలవని చోట్లే: మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్.

కళింగపట్నం_మరబోటు
ఆగస్టులో వంశధార పొంగితే ఎర్రనీళ్లు సముద్రంలో ఎంత దూరం పోతాయో బోటు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. గీత గీసినట్టు ఇటు ఎరుపు, అటు నీలం. ఆ గీత దాటి వేటకి పోతాం. సరే, ఆ లెక్క ఒప్పుకుంటాను.

సోంపేట_సూరిబాబు
మా బారువని మర్చిపోతున్నారు. వందేళ్ల కిందట రంగూన్ ప్రయాణికులతో పోతూ నిప్పంటుకున్న స్టీమరు, చిల్కా, మా ఒడ్డుకి దగ్గర్లోనే ఉంది. విశాఖ డైవర్లు వచ్చి దిగి వీడియోలు కూడా తీశారు. ఇనుము నిండా గుల్లలు, చుట్టూ చేపలు. పగడాల దిబ్బ లేకపోతేనేం, మాకు ఓడ ఉంది.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
నిజమే, పాడైన ఓడ ఏదైనా చేపకి ఇల్లే. కానీ అది కొత్తవాళ్ల చోటు కాదు. ఇనుము అంచులు పదును, చిరిగిన వలలు వేలాడుతుంటాయి, మన వైపు కెరటం గట్టిది, నీళ్లు మసక. నా మాట వింటే ముందు తేటనీళ్లలో నేర్చుకుని తర్వాత బారువ రండి.

జంగ్లీఘాట్_అల్లుడు
చేపల కోసమే అయితే ఈమధ్య తీరాల్లో సిమెంటు తూములు, త్రికోణం దిమ్మెలు ముంచి కృత్రిమ దిబ్బలు కడుతున్నారు కదా. సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పట్నుంచో చెబుతున్నదే. మన తీరంలో కూడా అలాంటివి పెరిగితే పిల్లలకి ఇక్కడే ఉపాధి.

కళింగపట్నం_మరబోటు
బాగానే ఉంటుంది బాబూ, మరి ఎక్కడ ముంచారో మాకు చెప్పి ముంచాలి. గాలానికి పోయేవాడికి లాభం, వల లాగేవాడి వల పోతుంది. ఒక వల ఖరీదు ఎంతో ఈ స్కూబా వాళ్లకి తెలుసా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలలూ మా కుర్రాళ్లు ఖాళీయే. అప్పుడు వాళ్లకి ఈ డైవింగ్ నేర్పించి సర్టిఫికెట్ ఇప్పించమనండి. మా వాళ్లకి సముద్రం గురించి ఒకడు నేర్పేదేమీ లేదు, ఆ గాలి డబ్బా వాడకం ఒక్కటే తక్కువ.

రాజాం_రైలుబండి
ఈ మాట బాగుంది. నా మొదటి పోస్టు కంటే కూడా.

నీలిరెక్క_ఇచ్ఛాపురం
అండమాన్‌లో నాకు తెలిసిన మంచి డైవ్‌మాస్టర్లలో మన మత్స్యకారుల పిల్లలున్నారు. ప్రవాహం ఎటు తిరుగుతోందో పరికరం చూడకుండా చెప్పేస్తారు. కోర్సు ఖర్చే అడ్డం. డైవ్‌మాస్టర్ దాకా వెళ్లాలంటే లక్ష దాటుతుంది, అది ఇంట్లో ఎవరు పెడతారు?

ఆమదాలవలస_ఆనంద్
అప్‌డేట్. మా ఆవిణ్ణి చూపించాం. కర్ణభేరి చిరగలేదు, లోపల కొంచెం నీరు చేరిందట, మందులు ఇచ్చారు, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మన్నారు. డాక్టర్ గారికి థాంక్స్.

ఆ డైవింగ్ వాళ్లకి మెయిల్ పెట్టాను. డబ్బులు అడగలేదు. ఫారం వాళ్లే నింపడం గురించి, పగడం పట్టించడం గురించి రాసి, ఆ ఫోటో కూడా జత చేశాను. మీ ఫీడ్‌బ్యాక్ మాకు చాలా విలువైనది అని జవాబు వచ్చింది. దాని కిందే, మళ్లీ వస్తే 10 శాతం తగ్గింపు.

సోంపేట_సూరిబాబు
తీసుకో బావా. ఈసారి బావమరిది బొటనవేలు ప్లాస్టర్ వేసి పంపు.

జంగ్లీఘాట్_అల్లుడు
ఆనంద్ గారూ, ఆ ఫోటో ఇక్కడి అటవీ శాఖ వాళ్లకీ పంపండి. మొదటి షెడ్యూల్ జీవి కాబట్టి అది వాళ్ల పరిధి. తగ్గింపు కూపన్ కంటే అదే పనిచేస్తుంది.

పలాస_జీడిపలుకు
నేను ఫిబ్రవరి చివర్న బుక్ చేస్తున్నాను. నీళ్లు అప్పుడు తేటగా ఉంటాయా? విశాఖ నుంచి ఓడలో వెళ్తే బాగుంటుందా? ఇంకొకటి, చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పుడు లేదు. ఫారంలో రాయాలా?

జంగ్లీఘాట్_అల్లుడు
ఫిబ్రవరి మంచి టైమ్. ఓడ రెండున్నర రోజులు, కడుపులో తిప్పే అలవాటుంటే వద్దు. తేదీలు కూడా ముందు నుంచీ స్థిరంగా ఉండవు, సెలవు చూసుకుని వచ్చేవాళ్లకి విమానమే నయం.

విజయనగరం_చెవిముక్కుగొంతు
ఉబ్బసం రాయాలి, తప్పకుండా. రాసి, ఇక్కడే ఛాతీ డాక్టరు దగ్గర ఊపిరి పరీక్ష చేయించుకుని, డైవింగ్‌కి పనికొస్తారని కాగితం తీసుకుని వెళ్లండి. కాగితం ఇవ్వనంటే ఆ డబ్బుతో అడుగున అద్దం ఉన్న బోటు ఎక్కి దిబ్బ చూడండి, అదీ బాగానే కనిపిస్తుంది.